మట్టి వద్దన్న మొక్క

రూపనగుడిలో బస్సు దిగి ఇంటికొచ్చిన గాదిలింగప్ప చంకలో ఆ సాయంత్రం మూరెడు మొద్దు ఒకటుంది. దాన్ని తువ్వాలులో చుట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు. వాకిట్లో కూచుని చింతపండు గింజలు తీస్తున్న అతని భార్య యంకమ్మ తలెత్తి చూసి, పొయ్యిలోకి కట్టె తెచ్చాడేమో అనుకుంది.

“గ్యాసు నిండుగ ఉండాది గదయ్యా, ఇంగ కట్టెలెందుకు?”

“కట్టె కాదే. ఇప్పి చూడు.”

గాదిలింగప్ప సండూరు గనుల నుంచి ఇనుప ఖనిజం తోలే టిప్పర్‌కు డ్రైవరు. ఇరవై రెండేళ్ళుగా అదే పని, అదే కొండదారి. ముందురోజు గాలివానకు ఆ దారిలో పెద్ద చెట్టొకటి అడ్డంగా పడింది. రంపాలతో కోసి పక్కకు లాగేదాకా బండ్లన్నీ ఆగిపోయాయి. జనం తలా ఒక కొమ్మ పొయ్యిలోకని లాక్కుపోతుంటే, ఒక కొమ్మ మీద అతనికి ఈ మొక్క కనిపించింది. చెట్టు కూలిపోయినా అది మాత్రం ఏమీ జరగనట్టు పచ్చగా ఉంది. ఎందుకు తెచ్చావంటే చెప్పడానికి అతని దగ్గర పెద్ద కారణమేమీ లేదు. “కాల్చేస్తారనిపించె,” అన్నాడంతే.

యంకమ్మ తువ్వాలు విప్పింది. మూరన్నర పొడవు కాడ, దానికి చెరో వైపు దువ్వెన పళ్ళలా వరసగా బిరుసైన ఆకులు. అంతా ఖనిజం దుమ్ము పట్టి ఇటుక రంగులో ఉంది. పెన్సిలంత లావు వేర్లు బెరడును గట్టిగా కరుచుకుని ఉన్నాయి. కొన్ని దేన్నీ పట్టుకోకుండా ఊరికే గాలిలో వేలాడుతున్నాయి. చెట్ల మీద పెరిగే మొక్కలన్నిటినీ ఆ వైపు బదనికలు అంటారు. ఇదీ ఏదో బదనికే అనుకుంది యంకమ్మ.

దుమ్ము పోతుందని చెంబుతో నీళ్ళు పోసింది. ఎర్రటి నీళ్ళు వాకిట్లోకి పారాయి. దుమ్ము కింద వేర్లు సున్నం కొట్టినట్టు తెల్లగా తేలాయి. ఇంకొక చెంబు పోసింది. ఆమె చూస్తుండగానే ఆ తెలుపు కరిగిపోయి, నీళ్ళు తగిలిన ప్రతిచోటా వేరు లేత పచ్చగా మారింది.

యంకమ్మ చెయ్యి ఆగిపోయింది. పక్కనే పొడిగా ఉన్న వేరు మీద రెండు చుక్కలు వేసింది. అక్కడ కూడా రెండు పచ్చటి మచ్చలు పడ్డాయి.

“చూస్తివా?” అంది మొగుడితో, ఎవరైనా వింటారేమో అన్నంత చిన్న గొంతుతో. “నీళ్ళు తాగుతాండాది. మన ముందరే తాగుతాండాది.”

మొక్కను చూసి అంత ఆశ్చర్యపోవడం ఆమెకే కొత్త. ఎందుకంటే ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె చేసిన పని ఒక్కటే, మొక్కలు నాటడం.

ఆమె పుట్టిల్లు కంప్లి దగ్గర ఎమ్మిగనూరు. పదేళ్ళ వయసులో లంగా ఎగదోపి తల్లి పక్కన వరిమడిలో దిగింది. ఒకరి పక్కన ఒకరు వరసగా వంగి, వెనక్కి నడుస్తూ, ఎడమచేతి కట్టలోంచి రెండు మూడు నారు మొక్కలు చీల్చి, కుడిచేతి బొటనవేలితో బురదలోకి దించి ఒత్తడం. ఆ ఒత్తడంలో ఉంది పనంతా. తక్కువ ఒత్తితే మొక్క నీళ్ళలో తేలిపోతుంది, ఎక్కువ ఒత్తితే మెడ విరుగుతుంది. యంకమ్మ బొటనవేలికి ఆ లెక్క ఎవరూ నేర్పకుండానే వచ్చింది. పెళ్ళై రూపనగుడికి వచ్చాక కూడా, కాలువకు నీళ్ళు వదిలారని తెలియగానే ఇక్కడి ఆడవాళ్ళను పదకొండు మందిని వెంటేసుకుని ఎమ్మిగనూరు పోయేది. అక్కడి పెద్దరైతు బసవపున్నయ్య, మడి ఎంత సిద్ధంగా ఉన్నా, ఆమె వచ్చి మొదటి కట్ట విప్పేదాకా ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు. “యంకమ్మ నాటింది ఒరగదు,” అనేవాడు. నలభై ఏళ్ళలో ఆమె చేతి కింద నాటుకున్న మొక్కలెన్నో ఎవరు లెక్కపెట్టగలరు? వాటిలో చచ్చింది ఒకటీ అరా.

మోకాళ్ళు అరిగిపోయాయి, నీళ్ళలో దిగొద్దని డాక్టరు చెప్పి మూడేళ్ళయింది. అప్పటి నుంచి ఆమె చేతులకు ఏం చెయ్యాలో తోచడం లేదు. చింతపండు గింజలు తీయడం, చీపుర్లు కట్టడం, మళ్ళీ విప్పి కట్టడం. అలాంటి చేతుల్లోకి ఈ బదనిక వచ్చి పడింది.

మొక్కంటే వేరు మట్టిలో ఉండాలి. చెట్టు మీద ఉందంటే పాపం దిక్కులేక ఉండి ఉంటుంది. యంకమ్మ అలాగే అనుకుంది. కొడవలి మొనతో వేర్లను బెరడు నుంచి వలిచింది. కొన్ని పటపటా తెగాయి. పెద్ద కుండీ నిండా నల్లరేగడి నింపి, పేడ ఎరువు కలిపి, సగం కాడ లోపలికి దించి, బొటనవేలితో చుట్టూ ఒత్తింది. పొద్దునొక చెంబు, మాపుకొక చెంబు నీళ్ళు. అడిగినవాళ్ళకు అడగనివాళ్ళకు “కొండ మీద నుంచి వచ్చింది,” అని చెప్పుకుంది.

నెలన్నరకే కింది ఆకులు పసుపెక్కాయి. ఎరువు చాల్లేదేమో అని ఇంకొంచెం వేసింది. శ్రావణమాసం మొదట్లో ఒకరోజు కుండీ దగ్గర కుళ్ళిన వాసన వచ్చింది. కాడ పట్టుకుని కొంచెం కదిలిస్తే చాలు, మొక్క మొత్తం చేతిలోకి వచ్చేసింది. మట్టిలో ఉన్న వేర్లన్నీ గోధుమరంగు ముద్దలైపోయాయి. ఒకదాన్ని పట్టుకుంటే పైతోలు జారిపోయి లోపల దారమంత నార మిగిలింది.

ఆ పూట ఆమె అన్నం తినలేదు. పక్కింటి సుంకలమ్మ వచ్చి, “ఒక బదనిక్కి ఇంత బేజారు చేసుకుంటారా, పారెయ్‌మే,” అంది. యంకమ్మ పారెయ్యలేదు. తడిగుడ్డ మీద పడుకోబెట్టి దాని పక్కనే కూచుంది.

కూతురు రంజిత బళ్ళారిలో రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లో టెక్నీషియను. ఇంటికొచ్చి చూసి, ఫోనులో ఫోటో తీసుకుని పోయింది. మరుసటి రోజు మధ్యాహ్నమే ఫోను చేసింది.

“అమ్మా, మా ల్యాబ్‌కు నెలనెలా షుగర్ చూపించుకునేదానికి ఒక తాత వస్తాడు, హొన్నప్ప అని. సర్కారు తోటలో ముప్పై అయిదేండ్లు పనిచేసినాడంట. ఫోటో చూపిస్తే, ఇది ఆర్కిడ్ అన్న్యాడు. మట్టిలో ఎవరు పెట్టింది అని గట్టిగ అరిచినాడు. రేపు ఎత్తుకోని రా.”

బళ్ళారి కోట వెనక వీధిలో హొన్నప్ప ఇల్లు. డెబ్బై దాటిన మనిషి, ఎముకల గూడు, కళ్ళకు లావుపాటి అద్దాలు. నోట్లో సగం కన్నడం, సగం తెలుగు. మిద్దె మీదికి తీసుకుపోయాడు. పచ్చటి వల పందిరి కింద యాభై అరవై మొక్కలు తీగలకు వేలాడుతున్నాయి. కొన్ని చిల్లుల కుండల్లో, కొన్ని చెక్కబుట్టల్లో, కొన్నిటికి బుట్ట కూడా లేదు, మెడకు తీగ కట్టి వేలాడదీశాడు. వేర్లు ముసలివాళ్ళ జడల్లా మోకాలి దాకా దిగి గాలికి ఊగుతున్నాయి. ఒకదానికి అరచేతులంత ఊదారంగు పూలు.

యంకమ్మ తల పైకెత్తి, వాటి కింద మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. నలభై ఏళ్ళు వంగి కిందికి చూస్తూ పనిచేసిన మనిషి. మొక్కల వేర్లను తల మీద చూడటం అదే మొదలు.

“మట్టి యాడన్నా?” అంది చివరికి.

“మట్టి బేడమ్మా, వద్దు వీటికి. వేరుకు గాలాడల్ల. తడవల్ల, మళ్ళ ఎండల్ల, మళ్ళ తడవల్ల. మట్టిలో పెడితే ఊపిరాడక చస్తాయి. వానలో యేముంటాదో, గాలిలో యేముంటాదో, చెట్టు బెరడు మీద యేం కారతాదో అదే దాని తిండి.”

“చెట్టు రసం తాగదా?”

“తాగదు. చెట్టుతో దానికి యేం పని లేదు. సుమ్నే, ఊరికే కూచోనుంటాది, అంతే.”

ఆమె తెచ్చిన మొక్కను ఆయన మోకాళ్ళ మీద పెట్టుకుని అద్దాలు సర్దుకున్నాడు. కాడ మీద గోటితో చూపించాడు. ఆకులు రాలిపోయిన చోటల్లా సన్నటి గీత, ఉంగరం మచ్చలా. కింది నుంచి పైదాకా ఒకదాని మీద ఒకటి.

“ఒక్కో గీత ఒక్కో ఆకు. ఎంచు చూద్దాం.”

యంకమ్మ గోటితో తడుముతూ ఎంచింది. కుళ్ళిన భాగంలో కూడా ఎంచింది. నూట మూడు దాకా వచ్చాయి, తర్వాత కింద కాడ ఎప్పుడో ఎండి విరిగిపోయింది.

“కొండమీద ఏడాదికి రెండు ఆకులేస్తాది, వానలు బాగుంటే మూడు. సరిగ్గా చెప్పేదానికి యెవరికీ కాదు. నలభై ఏండ్లకు మాత్రం తక్కువ లేదు. విరిగిపోయింది ఎంతో, దాని లెక్క దేవునికే తెలుసు. నీకెన్నేండ్లమ్మా?”

“యాభై రెండో మూడో.”

“అయితే నువ్వు లంగాలు కట్టుకోని తిరిగేనాటికే ఇది ఆ చెట్టు మీద ఉండాది.”

యంకమ్మ గోరు మళ్ళీ ఆ గీతల మీదికి పోయింది. తాను తల్లి పక్కన మొదటి నారు గుచ్చిన రోజున ఈ కాడకు బహుశా నాలుగు ఆకులుండి ఉంటాయి. తన పెళ్ళి నాడు ఇన్ని, రంజిత పుట్టిన నాడు ఇన్ని. ఆ పైనున్న గీత, కాలువకు నీళ్ళు రాక పొలాలన్నీ బీడు పడిన సంవత్సరానిది కావచ్చు. మట్టి లేకుండా, ఎరువు లేకుండా, పట్టించుకునే మనిషి లేకుండా ఒంటరిగా కొమ్మ మీద కూచుని ఇన్నేళ్ళు బతికింది. తన చేతిలో రెండు నెలలు బతకలేకపోయింది.

“నేనే సంపితిని గదన్నా,” అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఇంగా సావలే. బా ఇల్లి, ఇట్లా వచ్చి కూచో. నువ్వే చెయ్యి, నేను చెప్తా.”

బ్లేడును స్టవ్ మంట మీద కాల్చి, చల్లారాక కుళ్ళిన వేర్లన్నీ తీసేయమన్నాడు. మెత్తగా ఉన్నది పోవాలి, గట్టిగా ఉన్నది ఉండాలి. ఒక్కొక్కదాన్నీ రెండు వేళ్ళ మధ్య నొక్కి చూసి కోసింది. కాడ కింది సగం కూడా కోసేయాల్సి వచ్చింది. కోసిన చోటల్లా పసుపు అద్దింది. పని పూర్తయ్యేసరికి మిగిలింది జానెడు కాడ, అయిదు ఆకులు, రెండే రెండు వేర్లు. నీడలో కాసేపు ఆరబెట్టాక, పక్కల చిల్లులున్న చిన్న మట్టికుండ ఇచ్చాడు. అడుగున పెంకు ముక్కలు, మీద బొగ్గులు, మధ్యమధ్య నానబెట్టి పిండిన టెంకాయ పీచు. మొక్కను దాని మీద నిలబెట్టి పుల్లకు దారంతో కట్టమన్నాడు.

కట్టింది. కట్టగానే ఆమె కుడిచేయి తనంతట తానే ముందుకు పోయి, బొటనవేలు మొక్క మొదట్లో దిగబడి ఒత్తింది.

“ఒత్తబేడ!” అన్నాడు హొన్నప్ప. “బొటనేలు తియ్యమ్మా.”

తీసింది. కాసేపటికి మళ్ళీ పోయింది. మళ్ళీ తీయమన్నాడు. మూడోసారి ఆమే చటుక్కున వెనక్కి లాక్కుని, ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, పైన ఎడమచేయి వేసి కూచుంది. నవ్వొచ్చింది ఆమెకు. ఆయన కూడా నవ్వాడు.

ఆ కుండను ఇంటి వసారాలో తూర్పు ఎండ కాసేపు తగిలే చోట వేలాడదీశారు. పొద్దున్నే నీళ్ళు చిలకరించడం, వేరు పచ్చబడటం చూడటం, మధ్యాహ్నానికి మళ్ళీ తెల్లగా అయిందో లేదో చూడటం, ఆమె రోజు అలా గడిచేది. దసరా వచ్చింది, పోయింది. చలికాలం పోయింది. మొక్క చావలేదు, పెరగలేదు. కొత్త ఆకు లేదు, కొత్త వేరు లేదు.

ఇంతలో ఎండాకాలం వచ్చి పడింది. బళ్ళారి వైపు ఎండ ఎలా ఉంటుందో అక్కడ పుట్టినవాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. మార్చి చివరికే వడగాలి మొదలైంది. గాదిలింగప్ప డ్యూటీకి పోయే ముందు వసారాకు తడి గోనెపట్టాలు కట్టి పోయేవాడు. యంకమ్మ కుండ కింద తొట్టిలో నీళ్ళు నింపి పెట్టేది, గోనె ఆరితే మళ్ళీ తడిపేది. అయినా ఆకులు నడుమన మడతపడి ముడుచుకున్నాయి. ఒకటి రాలింది. వారానికి ఇంకొకటి. మూడు మిగిలాయి.

“పుల్లకు నీళ్ళు పోస్తాండావు,” అంది సుంకలమ్మ.

యంకమ్మ గోనె తడపడం ఆపలేదు. ఆమెకూ నమ్మకం సన్నగిల్లింది. కానీ నలభై ఏళ్ళు ఎవరి సాయమూ అడగనిదాన్ని ఈ ఒక్క ఎండాకాలం దాటించలేమా అన్న పంతం ఉండేది.

మే నెల మధ్యలో ఒక పొద్దున నీళ్ళు చిలకరిస్తుంటే, ఆకులు రాలిపోయిన చోట కాడ పగిలినట్టు కనిపించింది. అయిపోయింది అనుకుంది. దగ్గరికి పోయి చూస్తే ఆ పగులులోంచి బియ్యపు గింజంత మొన ఒకటి బయటికి పొడుచుకొచ్చింది. చిలకపచ్చ రంగు, కొసన కొంచెం ఊదా, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది.

“ఇట్రాప్పా!” అని అరిచింది. గాదిలింగప్ప సగం గడ్డంతో, మొహం మీద సబ్బుతో పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ తలలు ఆనించి చూశారు. బయట గాలి పొయ్యి సెగలా కొడుతోంది. ఊళ్ళో గడ్డిపోచ కూడా పచ్చగా లేదు. ఆ ఎండలోనే, ముడుచుకున్న మూడాకుల మొక్క, ఏ బలంతోనో తెలియదు, కొత్తగా వేరు వేస్తోంది.

ఆ వేరు ఎంత పెరిగిందీ ఆమె రోజూ చీపురుపుల్లతో కొలిచింది. పది రోజులు తిన్నగా గాలిలోకి సాగింది. తర్వాత కిందికి వంగి, కుండ అంచు తగలగానే దాన్ని పట్టుకుని, అంటుకుని, చుట్టూ పాకింది. “దీనికి కండ్లు యాడుండాయో!” అనుకునేది. వానలు పడేసరికి ఇంకో రెండు వేర్లు వచ్చాయి. నడినెత్తిన కొత్త ఆకు మొన కనిపించింది.

రెండు వానాకాలాలు గడిచాయి. మొక్కకు తొమ్మిది ఆకులు, పదకొండు వేర్లు. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. కుండలోని పీచు చివికి పొడైపోయి, నీళ్ళు పట్టి ఉంచి, అచ్చం మట్టిలాగే తయారైంది. రెండు వేర్ల కొసలు నల్లబడ్డాయి. హొన్నప్పకు ఫోను చేసింది. ఆయనకు కంటి ఆపరేషన్ అయింది, నెల రోజులు బయటికి రాకూడదు.

“కుండ మార్చల్ల. నువ్వే మార్చు.”

“నాకు భయమైతాదన్నా.”

“అవుతాది. భయం ఉంటేనే చెయ్యి నిదానంగ పోతాది.”

ఆదివారం పొద్దున కుండను తొట్టిలో నానబెట్టింది. తడిస్తే వేరు మెత్తబడి వంగుతుందని ఆమెకు ఇప్పుడు తెలుసు. కానీ వేర్లు కుండ లోపలా బయటా చిల్లుల్లోంచి దూరి, మట్టిగోడను కరుచుకుని ఉన్నాయి. కత్తి వెన్నుతో ఒకదాన్ని లేపబోతే సన్నగా చిటుక్కుమంది. వెంటనే చెయ్యి తీసేసింది. మొదటిసారి బెరడు నుంచి వలిచినప్పుడు తెగిన చప్పుడు కూడా ఇదే. ఆ రోజు ఆ చప్పుడు ఆమెకు వినపడలేదు.

కుండను అటూ ఇటూ తిప్పి, ఏ వేరు ఎక్కడ పట్టుకుందో చూసింది. రంజిత వచ్చి, “ఏమి చేస్తావుమా?” అంటే సైగతో ఆగమంది. ఆఖరికి లేచి, కుండకు గుడ్డ చుట్టి, రోటి పొత్రంతో చిన్నగా తట్టింది. ఒక చోట, తిప్పి ఇంకో చోట. కుండ గుడ్డలోనే నాలుగైదు పెంకులుగా విడిపోయింది. విప్పి చూస్తే వేర్లన్నీ అలాగే ఉన్నాయి, ఒక్కొక్కటి తన పెంకును వదలకుండా పట్టుకుని. చివికిన పీచంతా నీళ్ళతో కడిగేసింది. నల్లబడిన కొసలు కోసి పసుపు పెట్టింది. పట్టుకున్న పెంకుల్ని ఊడదీయకుండా వాటితో సహా మొక్కను కొత్త బుట్టలో కూచోబెట్టింది. గాదిలింగప్ప పాత తలుపు చెక్కను చీల్చి మేకులు కొట్టి చేసిన బుట్ట అది. మధ్య సందుల్లో పెద్దపెద్ద బొగ్గులు వదులుగా వేసింది. ఒక్కసారి కూడా బొటనవేలు ముందుకు రాలేదు. ఆ సంగతి రంజిత చెప్పేదాకా ఆమె గమనించనే లేదు.

తర్వాతి ఎండాకాలం ఆకు చంకలోంచి మళ్ళీ ఒక మొన వచ్చింది. కొత్త వేరనుకుంది. కానీ వేరులా కిందికి వంగకుండా వెలుగు వైపు పైకి లేచింది. వేలెడు పొడవయ్యాక దాని మీద చిన్న చిన్న బుడిపెలు తేలాయి. ఎంచితే ఎనిమిది.

మొదటి మొగ్గ విచ్చుకున్న పొద్దున ఆమె చేతిలో కాఫీ గ్లాసు ఉంది. అది అలాగే చల్లారిపోయింది. అయిదు రెక్కలు. పచ్చా పసుపూ కలిసిన నేల మీద ఇటుకరంగు గళ్ళు, మంచి నేతగాడు పోగులు లెక్కపెట్టి నేసినట్టు, ఒక గడి కూడా తప్పలేదు. వెనక్కి తిప్పితే తెల్లటి తెలుపు. నడుమ చిన్న నాలుకలాంటి రెక్క, అటు నీలమూ ఇటు ఊదా కాని రంగు. ఎండ ఎక్కేకొద్దీ వాసన వచ్చింది, పండిన ద్రాక్షలాంటి వాసన, వసారా అంతా నిండింది.

గాదిలింగప్ప డ్యూటీ నుంచి వచ్చి, ఒంటి మీది ఎర్రదుమ్ము కడుక్కుని దాని ముందు కూచున్నాడు.

“ఇరవై రెండేండ్లు, కాదు, ఇప్పటికి ఇరవై అయిదైపాయె, ఆ దారిలో పోతాండా,” అన్నాడు. “ముందర బండి, పక్కన లోయ. తలెత్తి సూసిందే లేదు. ఈ వాసన ఎన్నిసార్లు నా కిటికీలోకి వచ్చిందో యేమో, డీజిలు కంపులో నాకు తెలిసిందే లేదు.”

మరుసటి వారం నుంచి అతను బండి ఆగిన చోటల్లా చెట్ల కొమ్మల్ని చూడటం మొదలుపెట్టాడు. ఇంకో మూడు చెట్ల మీద కనిపించాయని, ఒకటి బాగా పెద్దదని వచ్చి చెప్పేవాడు. తెద్దామా అని అతనూ అనలేదు, తెమ్మని ఆమె కూడా అనలేదు.

ఎమ్మిగనూరుకు ఆమెతో నాట్లకు వచ్చిన ఆడవాళ్ళు పదకొండు మందీ కబురు విని చూడటానికి వచ్చారు. ఎప్పుడూ గలగలలాడే గుంపు. ఆ రోజు వసారాలో ఒకరి వెనక ఒకరు నిలబడి మునివేళ్ళ మీద లేచి చూశారు. ఒకామె బుట్ట కింద చెయ్యి పెట్టి, వేర్ల మధ్య వేళ్ళు ఆడించి, “మట్టే లేదు గదే దీనికి!” అంది. సుంకలమ్మ గడప దగ్గర నిలబడి, పుల్ల అన్న నోటితోనే, “నేను దినామూ చూస్తానే ఉంటిని,” అని అందరికీ చెప్పుకుంది.

కన్ను ఎప్పుడో బాగైన హొన్నప్ప కూడా బస్సెక్కి వచ్చాడు. పూలు మూడు వారాలైనా వాడలేదు. కొత్త కన్నుతో దగ్గరగా, దూరంగా, మళ్ళీ దగ్గరగా చూశాడు. కుర్చీ వేస్తే కూచోలేదు.

“నా చేతిలో శానా పూసినాయమ్మా,” అన్నాడు. “అన్నీ వేరే ఊర్ల నుంచి తెప్పించినవి. ఈ కొండ మొక్కను మాత్రం రెండుసార్లు తెచ్చుకున్న్యా, సర్వీసులో ఉన్నప్పుడు. రెండుసార్లూ పోయింది నా చేతిలోనే. ఆ మాట నీకు అప్పుడే చెప్పింటే నువ్వు భయపడి పారేస్తావని చెప్పలేదు.”

యంకమ్మ లోపలికి పోయి ఆయనకు చక్కెర లేకుండా కాఫీ కలిపి తెచ్చింది.

ఏడు పూలు వాడి రాలాయి. ఎనిమిదోది రాలలేదు. దాని వెనక కాడ ఉబ్బి, గాడులు పడి, బెండకాయంత కాయ అయింది. ఏ తుమ్మెదో వచ్చిపోయి ఉంటుందన్నాడు హొన్నప్ప. ఆ కాయ ముదరడానికి తొమ్మిది నెలలు పట్టింది. శివరాత్రి దాటాక ఒకరోజు గాడి వెంబడి పగిలింది. లోపల గింజలుంటాయని చేయి పట్టింది యంకమ్మ. పడింది దుమ్ము. లేత పసుపు దుమ్ము. ఊపిరి తగిలితే చాలు, సగం లేచిపోయింది.

“ఇదంతా విత్తనాలేనంట మా,” అంది రంజిత. “ఒక కాయలో లక్షల లెక్క.”

యంకమ్మ నమ్మలేదు. ఆమెకు విత్తనమంటే పిడికిట్లో బరువుగా ఉండేది, పంటి కింద పెడితే చప్పుడయ్యేది. రంజిత మిగిలిన దుమ్మును కాగితంలో మడిచి, ఆదివారం అమ్మను ల్యాబ్‌కు తీసుకుపోయింది. గాజుపలక మీద చిటికెలో పదో వంతు వేసి మైక్రోస్కోపు సరిచేసి, స్టూలు జరిపింది.

యంకమ్మ ఒక కన్ను మూసి చూసింది. మొదట వెలుగు తప్ప ఏమీ లేదు. తర్వాత కుదురుకుంది. దుమ్ము కాదు. చేపల వలలాంటి సన్నటి సంచులు, ఒక్కొక్కటి కదురు ఆకారంలో, లోపల వెలుగు దూరిపోయేంత పలుచగా. ప్రతి సంచిలోనూ నడుమ ఒక చుక్క. అంతటా అవే, ఎటు జరిపినా అవే.

“ఆ చుక్కనే మొక్కైతాది. దాంట్లో తిండి ఉండదంట,” అని చెప్పింది కూతురు. “వడ్లగింజలో బియ్యం ఉంటాది, మొలకొచ్చేదాకా తినేదానికి. దీనికి అది కూడా లేదు. గాలిలో పోయి బెరడు మీద పడి, అక్కడ దీనికి సరిపోయే బూజు ఏదో ఉంటే, ఆ బూజు తినిపిస్తేనే బతుకుతాది. లక్షలో ఒకటి బతికితే గొప్ప.”

యంకమ్మ తల తీయలేదు. నలభై ఏళ్ళు కొండమీద కూచున్న ఆ కాడ, నూటమూడు ఆకులు వేసి రాల్చుకున్నది, ఇంత నుంచి వచ్చింది. ఇంత కూడా లేని దీని నుంచి. తిండి కట్టుకోకుండా బయలుదేరి, ఎక్కడ దిగాలో తెలియకుండా దిగి. మెడ నొప్పి పుట్టేదాకా చూసింది. రంజిత భుజం తట్టి, “పోదామా మా?” అంటే, “ఉండు, ఇంగొంచేపు,” అంది.

మిగిలిన విత్తనాన్ని మూడు వంతులు చేశారు. ఒక వంతు యంకమ్మ పెరట్లో కానుగచెట్టు బెరడు గరుకుల్లో తడిచేత్తో రాసింది. ఒకటి హొన్నప్ప తీసుకున్నాడు. ఒకటి గాదిలింగప్ప కాగితంలో కట్టుకుని పోయి, బండి ఆగిన చోట కిటికీలోంచి చేయి చాచి గాలికి వదిలాడు.

అదంతా అయ్యి ఒక వానాకాలం గడిచింది. తల్లిమొక్క మొదట్లో ఇప్పుడు ఒక పిలక వచ్చింది. దానికి సొంతంగా మూడు వేర్లు వచ్చేదాకా వేరు చెయ్యొద్దని హొన్నప్ప చెప్పాడు, ఆయన చెప్పకపోయినా ఆమె చెయ్యదు. బళ్ళారిలో ఎవరెవరి ఇళ్ళలోనో చావబోతున్న ఆర్కిడ్‌లు రంజిత చేతికి చేరి రూపనగుడికి వస్తున్నాయి. వసారాలో ఇప్పుడు ఏడు బుట్టలు.

వాన పడి వెలిసిన పొద్దున యంకమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ కానుగచెట్టు దగ్గరికి పోతుంది. రంజిత కొనిచ్చిన భూతద్దంతో బెరడును జానెడు జానెడు వెతుకుతుంది. నాచు కనిపిస్తుంది, చీమలు కనిపిస్తాయి.

“కనపడిందా?” అంటాడు గాదిలింగప్ప బూట్లు వేసుకుంటూ.

“ఇంగా లేదు,” అంటుంది ఆమె, అద్దం మీది నుంచి కన్ను తీయకుండా. “పైన కొంచెం ఉండాది చూసేది. ఆ ముక్కాలిపీట ఇట్లా ఎయ్యి.”